నల్లరంగు లేని బొగ్గుగుట్ట

బొగ్గు నల్లగా నుండునన్నది అందరును ఎరిగిన సంగతియే. అయితే నల్లరంగును దగ్గరకు రానీయకయే బొగ్గును చిత్రించు పద్ధతి యొకటి చిత్రకళలో కలదు. ఫ్రాన్సు దేశమున పుట్టిన ఆ పద్ధతికి పాయింటిలిజం అని పేరు; మనము బిందుచిత్రణము అనుకొనవచ్చును. రంగులను పలకమీద కలిపి పూయుటకు మారుగా, శుద్ధమైన రంగులను చిన్న చిన్న చుక్కలుగా ప్రక్కప్రక్కన పెట్టి, వానిని కలుపు పనిని చూచువారి కంటికి వదలివేయుట ఇందలి మూలసూత్రము. ఈ పద్ధతిలో ఒక ప్రకృతి దృశ్యమును తైలవర్ణములతో ఎట్లు చిత్రింపవలెనో ఇచ్చట వివరింపదలచితిమి. దృశ్యమునకై కాశ్మీరమునకో నీలగిరులకో పోనక్కరలేదు. పెద్దపల్లి జిల్లాలోని రామగుండము, గోదావరిఖని ప్రాంతమునే మేము ఎన్నుకొంటిమి.

ఎన్నికకు కారణము కలదు. కాగితమును రంగుపెన్సిళ్లను ఇచ్చి బొమ్మ గీయుమన్నచో మన పిల్లలు సాధారణముగా ఏమి గీయుదురో పాఠకులకు తెలియనిది కాదు. రెండు కొండలు, వాని నడుమ సూర్యుడు, కొండల నుండి దిగివచ్చు ఏరు, ఏటియొడ్డున గుడిసె, గుడిసె ప్రక్కన కొబ్బరిచెట్టు. గనికార్మికుల క్వార్టర్లలో పుట్టి, కిటికీ తెరచినంతనే మట్టిగుట్టలను చూచుచు పెరిగిన పిల్లవాడును ఆ కొబ్బరిచెట్టునే గీయును. నీ ఊరు బొమ్మకు పనికిరాదని వానితో ఎవరును చెప్పలేదు. అయినను వాడు ఆ పాఠమును నేర్చుకొన్నాడు. మాకు ఇది చిన్న విషయముగా తోచదు.

మరియొక కారణము. ఆ నేల నిలకడగా నుండునది కాదు. ఉపరితల గని త్రవ్విన చోట చేను గొయ్యియగును. గొయ్యి ప్రక్కన, బొగ్గుపై నుండిన మట్టియు రాయియు పోగై కొత్తగుట్ట లేచును. అక్కడివారు గనిని ‘బాయి’ అందురు. ఆ బాయి అంచు జరుగుచు జరుగుచు పోయిన కొలది దారులు మారును, ఊళ్లు మారును. తాత చూచిన దిగంతరేఖ వేరు, మనుమడు చూచునది వేరు. ఛాయాచిత్రము తీసిన చాలదా యని కొందరు అడుగవచ్చును. ఛాయాచిత్రము క్షణములో ముగియును. చుక్కలు పెట్టువాడు ఒకే గుట్టను నెలల తరబడి చూడవలెను. అంత చూచినవానికి ఆ గుట్ట నల్లనిదో, గోధుమవన్నెదో అని ఒక్కమాటలో చెప్పివేయుట సాధ్యము కాదు.

ఇక పద్ధతి సంగతి. దీని మూలము చిత్రకారుల ఇంట గాక నేతవారి ఇంట నున్నది. పారిస్ నగరమున గోబెలిన్ అనెడు ప్రసిద్ధమైన నేతశాలలో అద్దకపు శాఖకు 1824లో మిషెల్ యూజీన్ షెవ్రూల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు అధిపతి యయ్యెను. నల్లదారమునకు తగిన గాఢత లేదని ఆయన వద్దకు ఫిర్యాదులు వచ్చుచుండెను. దారమును పరీక్షింపగా అద్దకములో దోషము కానరాలేదు. ఆ నలుపు నీలము, ఊదా రంగుల సరసన పడినపుడు మాత్రమే వెలిసినట్లు కనబడుచున్నదని ఆయన గ్రహించెను. ఏ రంగును ఒంటరిగా కనబడదు. ప్రక్కనున్న రంగు దానిని మార్చుచుండును. ఈ విషయమును విపులీకరించుచు ఆయన 1839లో ఒక గ్రంథమును ప్రకటించెను. 1786లో జన్మించి 1889 వరకు, నూరేండ్లకు మించి జీవించిన షెవ్రూల్, తన సూత్రము కుంచెల వారి చేతికి చిక్కుటను కన్నులార చూచెను.

మన నేతగాండ్రకు ఈ రహస్యము కొత్తది కాదు. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు వేసి నేసిన నెమలికంఠము చీర మన యిండ్లలో ఎవరు చూడలేదు? దారములను దగ్గరగా చూచినచో ఒకటి నీలము, ఒకటి ఆకుపచ్చ. దూరమునుండి చూచినచో రెండునుగాని మెరుపు. నేటి ముద్రణయు ఇట్టిదే. పత్రికలోని రంగుబొమ్మను భూతద్దము క్రింద పెట్టి చూడుడు. నీలి, గులాబి, పసుపు, నలుపు చుక్కల గుంపు తప్ప ముఖమును లేదు, పూవును లేదు. టెలివిజన్ తెరలోను, చేతిలోని మొబైల్ ఫోన్ తెరలోను ఎరుపు, ఆకుపచ్చ, నీలము అనెడు మూడు రంగుల సూక్ష్మమైన వెలుగుతునకలే కలవు. మన ముంగిటి చుక్కలముగ్గుతో మాత్రము దీనిని పోల్చరాదు. ముగ్గులో చుక్క గీతకు దారి చూపును; ఇందులో గీతయే లేదు, ఉన్నదంతయు చుక్కయే.

ఇచ్చట ఒక పొరపాటు అభిప్రాయమును తొలగింపవలసియున్నది. పసుపు చుక్కలను నీలపు చుక్కలను ప్రక్కప్రక్కన పెట్టినచో దూరమునుండి ఆకుపచ్చగా కనబడునని అనేకులు చెప్పుదురు. కొన్ని పుస్తకములలోను అట్లే వ్రాసియుండును. అది నిజము కాదు. నమ్మనివారు ఇంటిలో పరీక్షింపవచ్చును. గుండ్రని అట్టముక్కకు సగము పసుపును సగము నీలమును పూసి, బొంగరముపై అమర్చి త్రిప్పుడు. ఆకుపచ్చ రాదు, ఇంచుమించు బూడిదరంగు వచ్చును. స్కాట్లండు దేశీయుడైన జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1850 తరువాతి సంవత్సరములలో ఇట్టి తిరుగుడు బిళ్లలతోనే వర్ణశాస్త్రమునకు పునాదులు వేసెను. పలకమీద రెండు రంగులను కలిపినపుడు ఒక్కొక్క రంగును వెలుతురులో కొంత భాగమును మ్రింగివేయును. రెండును మ్రింగక మిగిల్చినది ఆకుపచ్చ. చుక్కలు విడివిడిగా నున్నపుడు దేని వెలుతురు దానిదే. కన్ను వానిని కూడుకొని సగటు కట్టును. కావున ఆకుపచ్చ కావలెనన్న ఆకుపచ్చ చుక్కయే పెట్టవలెను. దాని నడుమ పసుపును నారింజయు చల్లినచో ఎండ తగిలినట్లుండును. నీలము చల్లినచో నీడ పడినట్లుండును. ఈ ఒక్క సంగతి తెలియక మొదటి చిత్రమునకే విసిగి కుంచె పారవేసినవారు పలువురుందురని మా నమ్మకము.

ఈ శాస్త్రమును చిత్రముగా మలచినవాడు జార్జి సూరా. 1859లో పారిస్ నగరమున జన్మించెను. సెయిన్ నదిలోని గ్రాండ్ జాట్ అను చిన్నద్వీపమున ఆదివారము మధ్యాహ్నము విహరించు జనులను ఆయన 1884 మొదలు 1886 వరకు చిత్రించెను. ఆ చిత్రము ఎత్తు 2 మీటర్లకు మించినది, వెడల్పు 3 మీటర్లకు పైబడినది. దానికై వ్రాసుకొన్న చిత్తుబొమ్మలును చిన్నచిత్రములును కలిపి 60 వరకు కలవు. ఆరుబయట చిన్న కొయ్యపలకలమీద రంగులను గుర్తించుకొని, చుక్కలు పెట్టు పనిని గదిలో చేసెడివాడు. 1886లో ప్రదర్శింపబడిన ఆ చిత్రము ఇప్పుడు అమెరికాలోని చికాగో నగరపు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో కలదు. సూరా 1891లో, 31 ఏండ్ల ప్రాయముననే మరణించెను. పద్ధతిని వ్యాప్తికి తెచ్చినవాడు ఆయన మిత్రుడు పాల్ సిన్యాక్. 1899లో ఒక గ్రంథమును వ్రాసెను. వయసున పెద్దవాడైన కమీల్ పిసారో కొన్నేండ్లు ఈ మార్గమున నడచి, పని మిక్కిలి నెమ్మదియగుచున్నదని విడిచిపెట్టెను. పిసారో విసుగు అన్యాయమని మేమనము; ముందు వచ్చు లెక్క చూచిన పిమ్మట పాఠకులే తీర్పు చెప్పగలరు.

ఆ బృందములోని మాక్సిమిలియన్ లూస్ అను చిత్రకారుని మనము ప్రత్యేకముగా తలచుకొనవలెను. లూస్ 1858లో పారిస్‌లో పుట్టెను. కొయ్యదిమ్మలు చెక్కు వృత్తి నేర్చి, తరువాత కుంచె పట్టెను. తోటివారు సముద్రతీరములను, ఉద్యానములను చిత్రించుచుండగా, లూస్ 1895లో బెల్జియం దేశమునందలి షార్ల్‌రువా ప్రాంతమునకు పోయెను. అది బొగ్గుగనులును ఇనుపకొలుములును గల సీమ. ఆ దేశస్థులు దానిని నల్లదేశమనియే పిలిచెడివారు. గని నుండి తీసిన మట్టి అక్కడను శంఖాకారపు గుట్టలై నిలిచియుండెను. లూస్ ఆ గుట్టలను, రాత్రివేళ మండు కొలుములను, పొగగొట్టములను, పనివారిని చిత్రించెను. నల్లదేశమున ఆయన చూచినది ఊదా, నారింజ, గాఢనీలము. ఆ కొలుముల వెలుగును పట్టుటకు సన్నని చుక్క చాలలేదేమో, కుంచెపోటు కొంత పెద్దదియు స్వేచ్ఛయైనదియు అయ్యెను. మన బొగ్గుసీమ వారికి గ్రాండ్ జాట్ విహారులకంటె షార్ల్‌రువా గుట్టలే దగ్గరి చుట్టములు.

ఇక రామగుండమునకు వత్తము. 1871లో ఇల్లందు ప్రాంతమున విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొనుటతో మొదలైన సింగరేణి చరిత్ర గోదావరి లోయ వెంట ఇచ్చటి వరకు వ్యాపించినది. ఈ ప్రాంతమున గోదావరి ఇసుక దిబ్బలు, మట్టిగుట్టలు, 1983లో ఉత్పత్తి మొదలిడిన ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రపు పొగగొట్టములు ఒకే చూపులో పడు తావులు కలవు. ఆ కేంద్రపు జలాశయముపై 2022లో పూర్తియైన 100 మెగావాట్ల తేలియాడు సౌరఫలకములు చిత్రకారునకు కొత్తకానుక. నీటిమీద నీటికంటె ముదురైన నీలము పరచినట్లుండును. గని ఆవరణలోనికి అనుమతి లేక పోరాదు, పోనక్కరయు లేదు. నది యొడ్డున నిలిచినను చాలును. బొగ్గును చూడగోరువారికి కాజీపేట, బల్లార్షా రైలుమార్గమున బొగ్గు నింపుకొని పోవు వ్యాగన్లు కలవు.

కాన్వాసు చిన్నది తీసికొనుడు. 30 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు గల కాన్వాసుపై 3 మిల్లీమీటర్ల చుక్కలు వరుసగా పెట్టినచో 13,000కు పైబడి పట్టును. నిమిషమునకు 10 చుక్కల చొప్పున 22 గంటల పని. అదియును ఒక్క పొరకే. పెద్ద కాన్వాసు తెచ్చి గోడకు అలంకారముగా సగములో ఆపుటకంటె ఇది మేలు. చుక్క పరిమాణమును గది పొడవును బట్టి నిశ్చయింపవలెను. సామాన్యమైన కంటికి 3 మిల్లీమీటర్ల చుక్కలు పూర్తిగా కలిసిపోవలెనన్న సుమారు 10 మీటర్ల దూరము కావలెను. 4 మీటర్ల గదిలో కలియవలెనన్న చుక్క 1 మిల్లీమీటరు మాత్రమే యుండవలెను. అంత సన్నని చుక్కల జోలికి పోవలదని మా సలహా. చుక్కలు కలిసియు కలియక అల్లలాడు స్థితిలోనే ఈ పద్ధతి అందమున్నది. పూర్తిగా కలిసినచో మిగులునది సాదా బొమ్మయే.

రంగులు ఎనిమిది చాలును: నిమ్మపసుపు, కాడ్మియం పసుపు, కాడ్మియం నారింజ, కాడ్మియం ఎరుపు, లత్తుకవంటి అలిజరిన్ ఎరుపు, అల్ట్రామెరీన్ నీలము, కోబాల్టు నీలము, విరిడియన్ ఆకుపచ్చ, వీనికి తోడు తెలుపు. నలుపు వద్దు, గోధుమవన్నె మట్టిరంగులు వద్దు. పలకమీద రెండు వరుసలు తీర్పుడు. మొదటి వరుసలో శుద్ధమైన రంగు, రెండవ వరుసలో అదే రంగు తెలుపుతో కలిసినది. ఒక రంగును మరొక రంగుతో కలుపకుండుటయే నియమము. ప్రక్కనున్న బంధువుతో, అనగా పసుపును నారింజతో, నీలమును ఆకుపచ్చతో, కొంచెము కలిపిన దోషము లేదు. జింకుపసుపు వాడకుడు. సూరా దానిని నమ్మి మోసపోయెను. గ్రాండ్ జాట్ గడ్డిమీది ఎండచుక్కలు కొలది యేండ్లలోనే మాడి గోధుమవన్నెకు తిరిగినవి. కాడ్మియం రంగులు విషము గలవి కావున కుంచె మొనను నోటితో సవరించు అలవాటు గలవారు ఆ అలవాటును మానుకొనవలెను. టర్పెంటైను వాడునపుడు కిటికీలు తెరచియుంచుడు.

తెల్లని కాన్వాసుమీద పెన్సిలుతో పెద్ద ఆకారములను మాత్రము గుర్తించుకొని, టర్పెంటైనుతో పలుచన చేసిన లేతరంగులను ఒక చేయి పూసి ఆరనీయుడు. ఆకాశమునకు లేతనారింజ, గుట్టకు లేత ఊదా, నీటికి లేతనీలము. చుక్కల సందులలో ఈ లేతరంగు తొంగిచూచుచు చిత్రమును ఒకటిగా కట్టును. చుక్కలకు వాడు రంగులో అవిసెనూనె ఎక్కువైనచో చుక్క కారి చదునగును. ట్యూబునుండి తీసిన రంగును కొంతసేపు పాతపత్రిక కాగితముమీద ఉంచినచో ఎక్కువ నూనెను కాగితము పీల్చుకొనును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క చిన్న కుంచె కేటాయించుడు.

తడిచుక్కకు తడిచుక్క తగిలినచో రెండును కలిసి బురదయగును. ఇది తైలవర్ణముల స్వభావము. కావున ఒక పూట ఒకే రంగు చుక్కలను ఎడము విడిచి పెట్టి, అవి ఆరిన పిదప రెండవ రంగును సందులలో నింపవలెను. తైలము నీరువలె ఆవిరియై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. వేడి దానిని త్వరపెట్టును. రామగుండపు వేసవి ఎండ రాష్ట్రమంతటను పేరుపడినది గదా, అది ఇచ్చట ఉపకరించును. కాని అదే గాలిలో దుమ్మును బొగ్గునుసియు కలవు. తడిచిత్రమును ఎండలో ఆరబెట్టుట ఎంతమాత్రము తగదు. గదిలో, చిత్రపుముఖము కొంత క్రిందికి వాలునట్లు గోడకు ఏటవాలుగా త్రిప్పియుంచినచో నుసి వెనుకవైపున పడును. నల్లరంగు వాడని చిత్రములో నలుపు ఈ దారిన ప్రవేశింపకుండ చూచుకొనవలెను.

చుక్కల పనిని ఆకాశముతో మొదలిడుడు. వేసవి సాయంకాలపు ఆకాశము ఇచ్చట నీలముకాదు. పాలు విరిగినట్లు తెల్లగా, దిగంతము వద్ద పసిమియెరుపుగా నుండును. దిగంతము వద్ద పది చుక్కలలో ఆరు లేతనారింజ, మూడు లేతగులాబి, ఒకటి లేతనీలము. పైకి పోవుకొలది నారింజ తగ్గి నీలము పెరుగవలెను. అయితే ఏ చోటను ఒక రంగు పూర్తిగా మాయము కారాదు. పొగగొట్టములను గీతలుగా గీయక, ఎండవైపు గులాబి, నీడవైపు ఊదా చుక్కల నిలువువరుసలుగా కట్టుడు.

గుట్ట కొంత కష్టము. మట్టిగుట్ట నల్లగా నుండునని దూరపువారు అనుకొందురు. అందులో అధికభాగము ఇసుకరాయి; ఎండలో లేతపసుపు, నారింజ, తెలుపు; నీడలో ఊదా, నీలము. పాతగుట్టలపై సంస్థవారు చెట్లు పెంచిన తావులలో ఆకుపచ్చ అంచెలు కనబడును. వానలు కొట్టి చాళ్లు పడిన చోట నీలపు చుక్కలు ఏటవాలుగా దిగవలెను.

ఇక బొగ్గు. పని మొదలిడుటకు ముందు ఒక బొగ్గుపెళ్లను కిటికీలో నుంచి చాలసేపు చూడుడు. ఆకాశమువైపు ముఖము లేతనీలము, ఎండవైపు అంచు నారింజ, విరిగిన పొరలలో గాజువంటి మెరుపు, లోతులో ఊదాయెరుపు. చిత్రములో బొగ్గు నిండిన వ్యాగనునకు పది చుక్కలలో నాలుగు అల్ట్రామెరీన్ నీలము, మూడు అలిజరిన్ ఎరుపు, రెండు విరిడియన్, ఒకటి నారింజ. పైయంచున అక్కడక్కడ లేతనీలము. నీలము, ఎరుపు, ఆకుపచ్చ మూడును ముదురువి యగుటచే కంటిలో కలిసి ఒకదానినొకటి అణచుకొని నలుపునకు చేరువగును. దగ్గర నిలిచి చూచినపుడు ఇది బొగ్గెట్లగునని సందేహము కలుగును. నాలుగడుగులు వెనుకకు పోయి చూడవలెను. అప్పటికిని చాలినంత నల్లగా కనబడనిచో నల్లట్యూబు కొరకు చేయి చాపవలదు. షెవ్రూల్ వద్దకు వచ్చిన ఫిర్యాదును తలచుకొనుడు. దోషము బొగ్గులో లేదు, ప్రక్కనున్న రంగులో నున్నది. వ్యాగను వెనుక ఊదానీడ యున్నచో అచ్చట లేతపసుపును లేతనారింజను పెంచుడు. చుట్టును వెలుతురు పెరిగిన కొలది బొగ్గు తనంతట తాను నల్లబడును. ఈ మార్పును కన్నులయెదుట చూచునపుడు కలుగు ఆశ్చర్యము కొరకైనను ఈ శ్రమ పడవచ్చునని మా అభిప్రాయము.

నీరు చివర. ఆకాశములో వాడిన రంగులనే కొంత ముదురుగా, చుక్కలను అడ్డముగా సాగదీసి పెట్టుడు. ఇసుకదిబ్బల అంచున తెలుపు.

చిత్రము ముగిసిన వెంటనే వార్నీషు పూయరాదు. లోపలి పొర ఆరుటకు 6 నెలల నుండి ఒక సంవత్సరము పట్టును. బంగారుపూత చట్రమును నల్లని చట్రమును ఈ చిత్రములకు సరిపడవు. సూరా తెల్లని చట్రమును కోరుకొనెను. కిటికీకి ఎదురుగోడమీద తైలపు మెరుపు చుక్కలను కప్పివేయును గనుక ప్రక్కగోడకు, నిలిచినవారి కంటి ఎత్తున, ఎదురుగా నాలుగడుగులైనను వెనుకకు నడచుటకు చోటుండునట్లు తగిలింపవలెను.